స్లాట్ మెషిన్ లోపల ఏం జరుగుతుంది, గంటకు ఎంత పోతుంది: బెజవాడ, గుంటూరు వాళ్ళకు సమగ్ర మార్గదర్శి

డబ్బు పెట్టి బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే కాసినో యంత్రం స్లాట్ మెషిన్. చక్రాలు ఒకసారి తిరిగితే ఒక స్పిన్. తెర మీద మూడు అంకెలు కనిపిస్తాయి: ఖాతాలో ఎంత ఉంది, ఒక్కో స్పిన్‌కు ఎంత పెడుతున్నారు, ఈసారి ఎంత వచ్చింది. అసలు కావాల్సిన నాలుగో అంకె ఏ మెషిన్ మీదా ఉండదు. గంటకు ఎంత పోతోందన్నదే ఆ అంకె. దాన్ని కాగితం మీద రెండు నిమిషాల్లో వేసుకోవచ్చు. గోవా టికెట్ బుక్ చేయకముందే వేసుకుంటే ఇంకా మంచిది.

ఎక్కడ ఆడొచ్చు, ఎక్కడ కూడదు

ముందు ఇది తేలాలి. విజయవాడలో గానీ గుంటూరులో గానీ డబ్బు పెట్టి ఆడే చట్టబద్ధమైన స్లాట్ మెషిన్ ఒక్కటి కూడా లేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం జూద గృహాలను నిషేధించింది. 2020లో చేసిన సవరణ ఫోన్లో ఆడే డబ్బు ఆటలను కూడా అందులోకి తెచ్చింది. నడిపేవాళ్ళకే కాదు, ఆడేవాళ్ళకూ ఆరు నెలల దాకా జైలు పడే వీలుంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టమైతే డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటికీ వర్తించేలా నిషేధించింది. నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన ఇచ్చినా రెండేళ్ళు, 50 లక్షలు.

మాల్‌లో పిల్లలు ఆడే టికెట్ల మెషిన్ల సంగతి వేరు, వాటిలో బొమ్మలొస్తాయి గానీ నోట్లు రావు. కాకపోతే వాటి లైట్లకూ చప్పుళ్ళకూ వెనకున్న కిటుకు మాత్రం స్లాట్ మెషిన్‌దే.

దేశంలో లైసెన్సు మీద స్లాట్ మెషిన్లు నడిచే చోట్లలో మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది గోవాకే. అక్కడి జూద చట్టాన్ని 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ మెషిన్లకు, 1996లో మళ్ళీ సవరించి నీటి మీది నౌకల్లో టేబుల్ ఆటలకు వీలు కల్పించారు. పణజిలో మాండవి నది మీద కనిపించే ఓడలు అవే. 21 ఏళ్ళు నిండాలి, ఫోటో గుర్తింపు కార్డు ఉండాలి. సిక్కింలో 2002లో చేసిన చట్టం కింద కాసినోలు నడుస్తున్నాయి. గుంటూరు మీదుగా వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే కింది లెక్కలన్నీ.

గుండాట తెలిస్తే సగం తెలిసినట్టే

సంక్రాంతి బరుల పక్కన గుండాట పట్టా చూసినవాళ్ళకు కాసినో లెక్క చెప్పడం తేలిక. పట్టా మీద ఆరు బొమ్మలు, అవే బొమ్మలు పాచికల మీద. మూడు పాచికలతో ఆడుతున్నారనుకుందాం. మీరు కాసిన బొమ్మ ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి, రెండింటి మీద పడితే రెండు, మూడింటి మీదా పడితే మూడు. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, సగానికి సగం అవకాశం ఉందే అనిపిస్తుంది. లేదు.

మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో 125 సార్లు మీ బొమ్మ అసలు కనపడదు. 75 సార్లు ఒకటి, 15 సార్లు రెండు, ఒకే ఒక్కసారి మూడూ. వచ్చేది 75, 30, 3 కలిపి 108 రూపాయలు. పోయేది 125. మిగిలిన 17 రూపాయలు పట్టా వేసినవాడివి. అంటే కాసిన ప్రతి నూరు రూపాయలకూ దాదాపు 7 రూపాయల 90 పైసలు. ఇందులో మోసం ఏమీ లేదు, పాచికలు నిక్కచ్చివే. చెల్లింపు మాత్రం అవకాశం కంటే కాస్త తక్కువగా కట్టారు, అంతే.

స్లాట్ మెషిన్ కూడా ఇదే వ్యాపారం. తేడా రెండు చోట్ల. గుండాటలో పాచికలు కళ్ళెదుట ఉంటాయి, ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. మెషిన్లో పాచికలు కనిపించవు. రెండోది వేగం. దాని సంగతి తర్వాత.

చక్రాలు ఆగే చోటు ముందే ఖరారవుతుంది

1890ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ తయారుచేసిన లిబర్టీ బెల్ మెషిన్లో మూడు చక్రాలుండేవి, ఒక్కో దాని మీద పది బొమ్మలు. మొత్తం వెయ్యి కలయికలు. మూడు గంట బొమ్మలు పడితే పెద్ద బహుమతి, 50 సెంట్లు. లివర్ లాగితే స్ప్రింగు, పళ్ళచక్రాలు, బ్రేకు పని చేసేవి. మెషిన్ పక్కనుండే ఆ చేతి కర్ర వల్లనే వీటికి అమెరికాలో 'ఒంటిచేతి దొంగ' అని పేరు. 1960ల్లో బాలీ కంపెనీ కరెంటు మోటార్లు, నాణేలు దానంతట అదే పోసే డబ్బా పెట్టింది.

అసలు మలుపు 1984లో ఇంగే టెల్‌నెస్ పొందిన పేటెంటు. అందులోని ఊహ ఇది: చక్రం ఎక్కడ ఆగాలో చక్రం తేల్చక్కర్లేదు. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం అంకెను ఎంచుతుంది, చక్రం ఆ అంకె చెప్పిన చోటికి వెళ్ళి ఆగుతుంది. ఇప్పటి మెషిన్లన్నీ, తెర మీద బొమ్మలు తిరిగేవి కూడా, ఈ దారిలోనే నడుస్తాయి.

వరస ఇలా ఉంటుంది. లోపలి ప్రోగ్రాం ఎవరూ ఆడకపోయినా నిరంతరం అంకెలు పుట్టిస్తూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణానికి ఉన్న అంకెలను తీసుకుంటుంది. ఒక్కో అంకె ఒక్కో చక్రం మీది స్థానం అవుతుంది. ఫలితం అక్కడే అయిపోయింది. తర్వాత మూడు సెకన్లు చక్రాలు తిరగడం, ఒకటి తర్వాత ఒకటి ఆగడం, ఆఖరి చక్రం దగ్గర ఊరిస్తూ నెమ్మదించడం, ఇదంతా సినిమా. మధ్యలో మళ్ళీ బటన్ కొట్టి చక్రాన్ని 'ఆపితే' సినిమా తొందరగా అయిపోతుంది, అంతే.

దీని నుంచి తేలేవి: మెషిన్‌కు గతం గుర్తుండదు. నాలుగు గంటలుగా ఏమీ ఇవ్వని మెషిన్ 'ఇవ్వడానికి సిద్ధంగా' లేదు. మీరు లేచిన అర నిమిషానికి పక్కాయనకు జాక్‌పాట్ కొడితే అది మీది కాదు, ఆ క్షణంలో మీ వేలు బటన్ మీద ఉండేది కాదు కదా. మెంబర్ కార్డు పెట్టినా తీసినా, తెర వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా, అంకెలకు తెలియదు.

ఒక మెషిన్‌ను విప్పి చూద్దాం

అసలు మెషిన్ల చక్రాల పట్టీ బయటికి చెప్పరు కాబట్టి మనమే ఒకటి తయారుచేద్దాం. మూడు చక్రాలు, ఒక్కో దాని మీద 20 గళ్ళు. ఒక గడిలో ఏడు, రెండింటిలో గంట, నాలుగింటిలో మిరపకాయ (గుంటూరు మెషిన్ మరి), ఐదింటిలో మామిడి, మిగతా ఎనిమిదీ ఖాళీ. మొత్తం కలయికలు 20 × 20 × 20, అంటే 8,000.

మూడు చక్రాల మీదా ఏడు పడే దారి ఒక్కటే, దానికి పందెం మీద 1,000 రెట్లు ఇద్దాం. మూడు గంట బొమ్మలకు 8 దారులు, 100 రెట్లు. మూడు మిరపకాయలకు 64 దారులు, 40 రెట్లు. మూడు మామిడిపళ్ళకు 125 దారులు, 16 రెట్లు. మొదటి రెండు చక్రాల మీద మాత్రమే మామిడి పడితే 375 దారులు, 2 రెట్లు.

ఇప్పుడు గుణించి కూడండి: 1,000 + 800 + 2,560 + 2,000 + 750 = 7,110. ఎనిమిది వేల స్పిన్లకు ఎనిమిది వేల రూపాయలు పోస్తే సగటున 7,110 తిరిగొస్తాయి. నూటికి 88.9. దీన్నే ఆర్‌టీపీ అంటారు, ఆటగాడికి తిరిగొచ్చే శాతం. మిగిలిన 11.1 ఇంటివాడిది, అంటే కాసినోది. అమెరికాలోని నెవాడాలో ఈ శాతం కనీసం 75, న్యూజెర్సీలో 83 ఉండాలని నిబంధన. చాలా మెషిన్లు అంతకంటే పైనే ఉంటాయి. చిన్న నాణెం మెషిన్లలో ఇంటివాడి వాటా పెద్దదిగా, పెద్ద నాణెం మెషిన్లలో చిన్నదిగా ఉండటం మామూలు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. 88.9 అంటే వెయ్యి తీసుకెళ్తే 889తో తిరిగి రావడం కాదు. శాతం పడేది మీ జేబు మీద కాదు, మీరు తిప్పిన మొత్తం మీద. వచ్చిన 889ని మళ్ళీ పెడితే 790, మళ్ళీ పెడితే 702... ఆడేకొద్దీ అదే డబ్బు మీద ఆ 11 పదే పదే కోత పడుతుంది.

'అబ్బ, తప్పిపోయిందే' ఎలా పుడుతుంది

నిజం చక్రం మీద 22 గళ్ళున్నాయనుకోండి. మూడు చక్రాల మీదా ఏడు పడే అవకాశం 10,648లో ఒకటి. దానికి మించిన పెద్ద జాక్‌పాట్ పెట్టాలంటే అవకాశం ఇంకా తగ్గాలి, గళ్ళు పెంచితే చక్రం బండి చక్రమంత అవుతుంది. టెల్‌నెస్ పద్ధతి ఈ చిక్కును తీర్చింది: ప్రోగ్రాంలో 64 అంకెల ఊహా చక్రం పెట్టి, నిజం చక్రం మీది గళ్ళకు ఆ అంకెలను పంచుతారు. ఏడుకు ఒకే అంకె ఇస్తే మూడింటి మీదా ఏడు పడే అవకాశం 2,62,144లో ఒకటికి పడిపోతుంది. కంటికి మాత్రం చక్రం మీద అదే 22 గళ్ళు.

ఇప్పుడు ఏడుకు సరిగ్గా పైనున్న ఖాళీకి ఐదు, కిందున్న ఖాళీకి ఐదు అంకెలు ఇచ్చారనుకోండి. ఏడు బొమ్మ గెలుపు గీత మీద (అడ్డంగా ఉండే ఈ గీత మీద కలిసిన బొమ్మలకే డబ్బు) ఒకసారి ఆగితే, గీతకు వెంట్రుకవాసి పైనో కిందో పదిసార్లు ఆగుతుంది. ఆడేవాడికి ఎప్పుడూ 'కొద్దిలో పోయింది'. నిజానికి కొద్దిలో పోవడం అన్నదే లేదు. ఖాళీ గడి పడింది, అంతే. గెలుపు గీత మీదనే బొమ్మలను దగ్గర దగ్గరగా పేర్చి ఓటమిని చూపించే ప్రోగ్రాంను మాత్రం 1980ల చివర్లో నెవాడా నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు.

దీనికి తమ్ముడు ఇంకోటుంది. 25 గెలుపు గీతలుండే మెషిన్‌లో గీతకు రూపాయి చొప్పున పెడితే స్పిన్ ధర 25 రూపాయలు. ఏదో గీత మీద 8 రూపాయలు వస్తుంది. గంటలు మోగుతాయి, తెర మెరుస్తుంది, 'విన్' అని పడుతుంది. మీరు పోగొట్టుకున్నది 17 రూపాయలు. చప్పుడు వినకుండా ఖాతాలో అంకె మాత్రమే చూసుకుంటూ పది స్పిన్లు ఆడి చూడండి, తేడా తెలుస్తుంది.

గంటకు ఎంత: అసలు లెక్క

పందెం × గంటకు స్పిన్లు × ఇంటివాడి వాటా. మూడే మూడు అంకెలు.

నిమిషానికి పది స్పిన్లు మామూలు వేగం, గంటకు 600. మన మిరపకాయ మెషిన్ మీద స్పిన్‌కు 20 రూపాయలు పెడితే గంటలో 12,000 తిరుగుతుంది. అందులో 11.1 శాతం, సుమారు 1,335 రూపాయలు, ఆ గంట ధర. అదే మెషిన్, అదే పందెం, నిమిషానికి మూడు నాలుగు స్పిన్లు, గంటకు 200 మాత్రమే ఆడితే 445. మీ చేతిలో ఉన్నవి మొదటి రెండు అంకెలే. మూడోది మీరు కూర్చోకముందే ఖరారైంది. కాబట్టి ఏ మెషిన్ ఎంచుకోవాలా అని హాలంతా తిరిగేకన్నా నెమ్మదిగా ఆడటం ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. దానంతట అదే స్పిన్లు తిప్పే ఆటో ప్లే బటన్ జోలికి పోవద్దనేది అందుకే. బ్రిటన్‌లో 2021 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ స్లాట్లలో ఆటో ప్లే తీసేయించారు, స్పిన్‌కు స్పిన్‌కు మధ్య కనీసం రెండున్నర సెకన్లు ఉండాలన్నారు. వేగానికి ఎంత శక్తుందో నియంత్రించేవాళ్ళకూ తెలుసు.

'పెద్దది పడితే అన్నీ వచ్చేస్తాయి కదా' అంటారు. అదీ లెక్కేద్దాం. మూడు చక్రాల మీదా ఏడు పడేది సగటున 8,000 స్పిన్లకు ఒకసారి. గంటకు 600 చొప్పున 13 గంటల 20 నిమిషాలు. అంతసేపు ఆడినా రాకుండా ఉండే అవకాశం నూటికి 37. ఆ సమయంలో తిప్పే మొత్తం 1,60,000. ఏడు పడితే వచ్చేది 20,000. ఆ 20,000ని, మిగతా చిన్నా చితకా గెలుపులన్నిటినీ కలుపుకున్నాక కూడా సగటున పోయేది 17,800.

జేబు ఎంత త్వరగా ఖాళీ అవుతుందన్నది ఇంకో విషయం. 4,000 రూపాయలు, స్పిన్‌కు 20 అంటే 200 స్పిన్లు. ఆ 200లో మిరపకాయలు గానీ అంతకంటే పెద్దది గానీ ఒక్కసారి కూడా పడకపోయే అవకాశం ఆరింట ఒకటి. అప్పుడు మామిడిపళ్ళ మీదే బతకాలి. పెద్ద బహుమతుల మెషిన్ అయితే ఈ కరువు ఇంకా పొడుగు. చిన్న చిన్నవి తరచూ ఇచ్చే మెషిన్ మీద డబ్బు ఎక్కువసేపు నిలుస్తుంది, ఉత్సాహం తక్కువ.

పైన అంకె పెరుగుతూ కనిపించే జాక్‌పాట్లలో ప్రతి పందెం నుంచీ చిన్న వాటా ఆ కుండలోకి వెళ్తుంది. 1986లో మొదలైన మెగాబక్స్ అనే గొలుసు జాక్‌పాట్ 2003 మార్చిలో లాస్ వేగస్‌లో దాదాపు 3 కోట్ల 97 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ఒక జాగ్రత్త: ఇలాంటి చాలా మెషిన్లలో పూర్తి పందెం పెడితేనే జాక్‌పాట్‌కు అర్హత. సగం పందెంతో ఆడితే కుండకు చందా కట్టినట్టే ఉంటుంది, కుండ మాత్రం మీకు రాదు. ఏ కలయికకు ఎంత ఇస్తారో చెప్పే పట్టిక, అంటే పే టేబుల్‌లో ఇది రాసి ఉంటుంది.

బయల్దేరేముందు

డబ్బు. సినిమాకో తిరుపతి ప్రయాణానికో పెట్టినట్టు, తిరిగిరాదని అనుకున్న మొత్తం మాత్రమే. చిట్టీ పాడిన డబ్బు, పిల్లల ఫీజు, మిర్చి యార్డులో పంట అమ్మిన డబ్బు, వీటిని దీనిలో కలపొద్దు. ఇంట్లో ఆ అంకె ఒకరికైనా చెప్పండి, చెప్పడానికి మొహం చెల్లకపోతే అంకె ఎక్కువైనట్టు.

దాన్ని రోజులతో, గంటలతో భాగించండి. రెండు రాత్రులు, రాత్రికి రెండు గంటలు, మొత్తం 6,000 అంటే గంటకు 1,500. నిదానంగా గంటకు 300 స్పిన్లు ఆడితే స్పిన్‌కు 20 దాటకూడదు. పై సూత్రం ప్రకారం గంట ధర అప్పుడు 670 దాకా. మిగతాది ఆట ఎదురు తిరిగినప్పటికి దన్ను.

నగదుగా, ఒక్కో గంటకు ఒక్కో కవరు. క్రెడిట్ కార్డు హోటల్ లాకర్లో. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజు పరిమితి తగ్గించుకోవడం అర నిమిషం పని, ఇంటి దగ్గరే చేసెయ్యండి. వెంట వచ్చేవాడికి ముందే చెప్పి పెట్టండి. అక్కడ రాత్రి పదకొండింటికి ఇలా జరుగుతుంది:

"బావా, ఇంకో రెండు వేలు ఇవ్వవా, రేపు పొద్దున ఏటీఎంలో తీసి ఇచ్చేస్తా."

"ఇవ్వొద్దని గుంటూరు స్టేషన్లో నువ్వే అన్నావ్‌గా. పద, చేపల వేపుడు తినొద్దాం."

ఇలా అనగలిగిన బావ లేకపోతే ఒంటరిగా వెళ్ళకపోవడం మేలు.

పన్ను మెషిన్ కన్నా ముందే తింటుంది

ఈ సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2025 సెప్టెంబరు 22 నుంచి కాసినోల మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు 28. అది ఆడగా మిగిలిన దాని మీద కాదు, చిప్స్‌కు (ఆటలో డబ్బుకు బదులు వాడే బిళ్ళలు) మీరు కట్టే మొత్తం మీద. 10,000 కట్టి, పన్ను అందులోనే కలిసి ఉందనుకుంటే ఆడటానికి మిగిలేది 7,143. మెషిన్ ఇంకా ఒక్క చక్రం కూడా తిప్పలేదు! కౌంటర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ రేటులో పన్ను కలిసిందా, విడిగానా?" ప్రవేశ ప్యాకేజీలో ఇచ్చే కూపన్లు నగదుగా మారతాయా, ఒకసారి ఆడటానికేనా, అదీ అక్కడే అడగండి.

గెలుపు మీద ఆదాయపు పన్ను వేరే. 30 శాతం, సెస్సు కలిపితే 31.2. ఒక్కసారి వచ్చింది 10,000 దాటితే ఇచ్చేముందే కోస్తారు, పాన్ నంబరు అడుగుతారు. పొద్దున 40,000 పోగొట్టుకుని సాయంత్రం 30,000 గెలిస్తే? ఆ 30,000కు పన్ను పడుతుంది. పోయిన దాన్ని ఇందులో తీసివేయనివ్వరు. మీ శ్లాబు ఎంత తక్కువైనా రేటు మారదు.

మెషిన్ ముందు

కూర్చోగానే 'హెల్ప్' లేదా 'ఇన్ఫో' నొక్కి పే టేబుల్ చదవండి. నాణెం విలువ ఎంత, ఎన్ని గీతలు, కనీస పందెం ఎంత. ఒక క్రెడిట్ అంటే రూపాయి కాకపోవచ్చు. క్రెడిట్ 5 రూపాయలై, 20 క్రెడిట్ల పందెమైతే స్పిన్ వంద రూపాయలు. తెర మీద 20 అని మాత్రమే ఉంటుంది. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. 'మ్యాక్స్ బెట్' బటన్ స్పిన్ బటన్ పక్కనే ఉంటుంది, చెయ్యి జారుతుంది. మొదటి స్పిన్ అవగానే ఖాతా ఎంత తగ్గిందో చూడండి, అదే నమ్మదగ్గ లెక్క.

ఫోన్‌లో 30 నిమిషాలకు అలారం. మోగగానే 'క్యాష్ అవుట్', లేచి బయటికి. ఆ గంటకు తెచ్చిన మొత్తం రెట్టింపైతే అసలును కవరులో పెట్టి జేబులో వేసుకోండి, మళ్ళీ మెషిన్ లోకి పోకూడదు. ఉచితంగా పోసే మందు ఉచితం కాదు, మూడో గ్లాసు తర్వాత పైన వేసుకున్న లెక్కలేవీ గుర్తుండవు.

తేడాలొస్తే: కరెంటు పోతే భయపడొద్దు, ఆట ఎక్కడ ఆగిందో మెషిన్ జ్ఞాపకంలో ఉంటుంది, మళ్ళీ లేచాక అక్కడి నుంచే నడుస్తుంది. నోటు ఇరుక్కున్నా, 'క్యాష్ అవుట్' నొక్కితే వచ్చే డబ్బు స్లిప్పు సగంలో ఆగినా సీటు వదలకుండా సర్వీస్ బటన్ నొక్కండి. లాగి చింపితే బార్‌కోడ్ పోతుంది. పెద్ద మొత్తం పడితే మెషిన్ ఆగిపోతుంది, మనిషి వచ్చి చేతికిస్తాడు, అది మామూలే. తెర మీద పడ్డదానికి వెంటనే ఫోటో తీయించమని సిబ్బందిని అడగండి. 'యంత్ర లోపం ఉంటే చెల్లింపులు రద్దు' అని మెషిన్ మీద రాసి ఉంటుంది, వివాదాలన్నీ ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగుతాయి. స్లిప్పుల మీద గడువు తేదీ ఉంటుంది, ఓడ దిగేముందే మార్చుకోండి.

ఫోన్లో వచ్చే స్లాట్ యాప్‌లు

ఇవి ఇక్కడ చట్టవిరుద్ధం, ఆ సంగతి పైన వచ్చేసింది. చట్టాన్ని పక్కన పెట్టినా పైన చెప్పిన లెక్క ఒక్కటీ వీటికి అతకదు. టెలిగ్రామ్‌లో వచ్చిన ఫైలుతో పెట్టిన యాప్‌లో చక్రం ఎవరి చెప్పుచేతల్లో ఉందో చూసే నాథుడు లేడు. వరస మాత్రం ఎప్పుడూ ఒకటే. మొదట 500 గెలిపిస్తారు, నిమిషంలో ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక 20,000 వేయిస్తారు, తెర మీద అది 80,000 అవుతుంది. తీసుకోబోతే 'ముందు పన్ను కట్టండి', తర్వాత 'కేవైసీ రుసుము', తర్వాత 'ఖాతా స్తంభించింది'. నిజమైన పన్నును గెలుపులోంచి కోసుకుంటారే గానీ ఎదురు డబ్బు కట్టమనరు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

డబ్బు వెళ్ళిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ సంఖ్య, మొత్తం, సమయం చేతిలో ఉంచుకోండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాల మీద ఖాతాలు దాటిపోతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, యాప్ తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కాలేజీ పిల్లలకు ఇంకో మాట. 'నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, కమీషన్ ఇస్తాం' అని ఎవరైనా అంటే ఆ ఖాతాలోంచి వెళ్ళేది ఇలాంటి డబ్బే. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గరికి.

చెయ్యి దాటిందని ఎలా తెలుస్తుంది

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలోనే చేర్చింది. మానసిక వైద్యులు వాడే ఒక కొలమానంలో తొమ్మిది గుర్తులున్నాయి, ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బుగా లెక్క. ఇంట్లోవాళ్ళకు కనిపించేవి: అదే కిక్కు కోసం పందెం పెంచుకుంటూ పోవడం. మానాలని చూసి మానలేకపోవడం, మానినప్పుడు చిరాకు. పోయింది రాబట్టాలని మర్నాడే మళ్ళీ వెళ్ళడం. ఎంత పోయిందో అబద్ధం చెప్పడం. 'ఒక్కసారి సర్దు' అని తిరగడం. ఒక సంగతి డాక్టర్లు కూడా ఒక్కోసారి అడగడం మర్చిపోతారు: పార్కిన్సన్స్ వ్యాధికి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో ఉన్నట్టుండి జూదం పిచ్చి పుట్టిస్తాయి. అరవై ఏళ్ళ దాకా పేకముక్క ముట్టని నాన్నగారు హఠాత్తుగా ఫోన్లో ఆడుతుంటే మందుల చీటీ తీసుకుని డాక్టరుకు చూపించండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

అప్పు దగ్గర బెజవాడకు వేరే హెచ్చరిక అక్కర్లేదు, 2015 నాటి కాల్ మనీ అధిక వడ్డీల వ్యవహారం ఇంకా అందరికీ గుర్తే. పది రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 120. అంత వడ్డీకి తెచ్చి నూటికి 89 తిరిగిచ్చే మెషిన్‌లో పోయడాన్ని ఏ లెక్కా సమర్థించదు. ఇంట్లోవాళ్ళు ఆ బాకీని గుట్టుగా తీర్చేసి ఊరుకుంటే ఆరు నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. తీర్చేముందు జీతం ఖాతా, ఏటీఎం కార్డు, బంగారం తాళాలు ఇంకొకరి చేతికి మారాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు. చావు ఆలోచనలు వస్తున్నాయంటే ఆస్పత్రి రోజు కోసం ఆగకుండా అప్పటికప్పుడే చేయండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లోనూ మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. మొదటిసారి వెళ్ళేటప్పుడు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసుకుని, ఆటకు పోయిన ప్రతి వరుస కిందా పెన్నుతో గీత గీయండి, పక్కన రాత్రి ఎన్ని గంటలకో రాయండి. ఎంత, ఎంత తరచుగా, ఏ వేళలో అని డాక్టరు అడగబోయేది అదే. ఆ సమయానికి నోటితో సరిగ్గా చెప్పడం ఎవరికీ చేతకాదు.